చేపపిల్ల గుండె చెప్పే సంగతులు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము, పచ్చడి పంపకము అయిన తరువాత అందరికీ పనికివచ్చే సంగతి ఏదైనా చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్మల్ని ఆదేశించినారు. మేము మెట్రిక్యులేషనుతో చదువు ముగించి రైల్వేలో గుమాస్తా ఉద్యోగము చేసుకొంటున్నవాళ్ళము. వైద్యులము కాము, శాస్త్రజ్ఞులము అంతకన్నా కాము. అయినా ఈ ఏడు మేము ఎంచుకొన్న విషయము, చేపపిండములో గుండె ఎట్లా తయారవుతుంది అన్నది. రిజిస్టర్లు, నకళ్ళు చూసుకొనేవారికి చేప గుండెతో ఏమి పని అని మీరు నవ్వుకోవచ్చు. మాకు రెండు కారణములు ఉన్నవి.

మొదటిది ఇరుగుపొరుగు సంబంధము. మన యలహంక నుండి హెబ్బాళ వైపు బళ్ళారి రోడ్డున పోతూ ఉంటే జి.కె.వి.కె. అని మనమందరము పిలిచే వ్యవసాయ విశ్వవిద్యాలయపు ఆవరణ వస్తుంది. నేషనల్ సెంటర్ ఫర్ బయొలాజికల్ సైన్సెస్ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రము, దాని ప్రక్కనే ఇన్‌స్టెమ్ అనే మరొక సంస్థ ఆ ఆవరణలోనే ఉన్నవి. మన పిల్లలు ఎందరో ఆ గేటు ముందునుంచే బస్సులో పోతూ ఉంటారు. అక్కడ పరిశోధనకు పెంచే ప్రాణులలో బొటనవ్రేలంత పొడవు కూడ లేని ఒక చారల చేప ఉన్నది. దానిని జీబ్రా చేప అంటారు.

రెండవ కారణము మన ఇళ్ళలోనిది. నూరుమంది పిల్లలు పుడితే సుమారు ఒకరికి గుండె నిర్మాణములో చిన్నదో పెద్దదో లోపము ఉంటుందని వైద్యుల లెక్క. ఆ ఒక్క బిడ్డ ఏ ఇంట పుట్టినా, ముద్దాయిగా మొదట నిలబడేది తల్లి. గ్రహణమునాడు బయటికి వచ్చిందంటారు. తినరానిది తిన్నదంటారు. కోడలి పాదము మంచిది కాదంటారు. ఉద్యోగముకోసము ఊరు విడిచి వచ్చిన సంసారములలో పుట్టింటివారు దగ్గర ఉండరు. ఆ మాటలు పడే పిల్లకు కన్నీరు తుడిచే దిక్కు కూడ ఉండదు. ఆ మాటలకు సరియైన జవాబు ఈ చిన్న చేప దగ్గర ఉన్నదని మా నమ్మకము. అందుకే ఈ ప్రసంగము.

ఈ చేప పరదేశపుది కాదు. గంగానది, దాని ఉపనదులు, మన దేశపు వాగులు, వరిపొలాల నీళ్ళు దీని పుట్టిల్లు. దీనిని మొట్టమొదట శాస్త్రగ్రంథములో వర్ణించినవాడు ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లండు వైద్యుడు. 1822లో వెలువడిన గంగానది చేపల గ్రంథములో ఆయన దీనిని చేర్చినాడు. అంతకుముందు ఆయన పేరు ఫ్రాన్సిస్ బుకానన్. టిప్పు సుల్తాను పతనమైన మరుసటి ఏడు, అనగా 1800లో, కుంఫిణీ ప్రభుత్వము తరఫున మద్రాసు నుండి బయలుదేరి, బెంగుళూరు మీదుగా ఈ మైసూరు సీమంతా తిరిగి పంటలు, వృత్తులు వ్రాసుకొన్న బుకానన్ ఈయనే. మన ప్రాంతము నేల కొలిచిన మనిషే మన చేపను లోకానికి చూపించినాడన్నమాట.

లోకములో ఇన్ని చేపలుండగా శాస్త్రజ్ఞులు దీనినే పట్టుకోవటానికి కారణము దాని గుడ్డు. మనిషి బిడ్డ గుండె తల్లి గర్భములో, ఎవరి కంటా పడకుండా ఏర్పడుతుంది. ఈ చేప తన గుడ్లను నీళ్ళలో వదులుతుంది. పిండము బయటనే పెరుగుతుంది. పైగా అది గాజువలె పారదర్శకము. సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూస్తే గుండె పుట్టటము, మలుపు తిరగటము, మొదటిసారి కొట్టుకోవటము కంటికి కనబడుతవి. ఇదంతా మూడు రోజులలో తేలిపోతుంది. అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయములో జార్జి స్ట్రైసింగర్ అనే ఆయన ఈ చేపను పరిశోధనకు తగినదిగా తీర్చి 1981లో లోకానికి చాటినారు. 2013లో దీని జన్యుపటము పూర్తిగా అచ్చయినప్పుడు, మనిషి జన్యువులలో నూటికి 70కి ఈ చేపలో జతగల జన్యువు ఉన్నదని తేలింది.

ఇక్కడ జన్యువు అంటే ఏమి, అది వ్యక్తమగుట అంటే ఏమి అని అడుగుతారు. మాకు తెలిసిన భాషలోనే చెప్తాము.

రైల్వేలో ఒక డివిజనుకు ఒక వర్కింగ్ టైం టేబుల్ పుస్తకము ఉంటుంది. యలహంక స్టేషనుకు వచ్చేది, దొడ్డబళ్ళాపురానికి వచ్చేది, హిందూపురానికి వచ్చేది ఒకే అచ్చు పుస్తకము. కాని ఏ స్టేషను మాస్టరు అయినా తన స్టేషనుకు పనికివచ్చే వరుసలనే చూసి, ఆ వేళకు, ఆ బండికి మాత్రమే సిగ్నలు ఇస్తాడు. పుస్తకములో ఉన్న బండ్లన్నిటికీ ఒకేసారి సిగ్నలు ఇస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు.

శరీరములోని జీవకణములు కూడ ఇట్లాంటివే. కంటి కణము, చర్మపు కణము, గుండె కణము, దాదాపు అన్నిటిలో ఉన్న జన్యుగ్రంథము ఒకటే. ఏ కణము ఏ పుటను, ఏ గంటకు తెరచి చదువుతుందన్నదే భేదము. పుటను తెరచి చదివి దాని ప్రకారము పని జరిపించటమే జన్యువు వ్యక్తమగుట. ఇందులో ఒక ఆఫీసు పద్ధతి కూడ ఉన్నది. అసలు రిజిస్టరు గది దాటి పోదు. అవసరమైన పుటకు నకలు తీసి షెడ్డుకు పంపుతారు. కణములో కూడ అసలు గ్రంథమైన డి.ఎన్.ఏ. కేంద్రకములోనే ఉంటుంది. ఆర్.ఎన్.ఏ. అనే నకలు బయటికి పోతుంది. ఆ నకలును చూసి కణము ప్రోటీనును, అనగా మాంసకృత్తును తయారు చేస్తుంది. శాస్త్రజ్ఞులు పిండానికి రంగు కట్టి, ఏ నకలు ఏ గంటకు ఏ కణములలో ఉన్నదో కనిపెట్టగలరు.

ఇప్పుడు ఆ గుడ్డు దగ్గరకు పోదాము. గుడ్డు ఫలించిన సుమారు ఐదు గంటలకే పిండపు అంచుల వద్ద గుండె కాబోయే కణములు ఉంటవి. చూడటానికి అవి ప్రక్క కణములవంటివే. తరువాత గాటా 5, హ్యాండ్ 2, ఎన్.కె.ఎక్స్. 2.5, టి.బి.ఎక్స్. 5 వంటి జన్యువులు అక్కడ వ్యక్తమవుతవి. ఈ జన్యువుల ప్రోటీనులు తాము ఇటుకలు మోసే కూలీలు కావు. ఇతర పుటలను తెరిపించే అధికారులవంటివి. వాటి ఉత్తరువుతో గుండె కండరానికి కావలసిన ప్రోటీనులు తయారవుతవి. గుండె కాబోయే కణములు పిండానికి కుడిప్రక్క ఒక గుంపుగా, ఎడమప్రక్క ఒక గుంపుగా ఉండి, నడిమికి జరుగుతూ వచ్చి, సుమారు 18, 19 గంటల వేళకు కలుసుకొంటవి. ఒక రోజు నిండేసరికి సన్నని గొట్టమువంటి గుండె ఏర్పడి కొట్టుకోవటము మొదలు పెడుతుంది. రెండవ రోజున ఆ గొట్టము మెలి తిరిగి, పై గది, క్రింది గది అని రెండు గదులుగా విడివడుతుంది. కవాటములు ఆ తరువాత కుదురుకొంటవి.

గుండె పూర్తి అయిన తరువాత పని మొదలు పెట్టదు. కట్టడము సాగుతూ ఉండగానే పనిలో దిగుతుంది. ఆ పనివల్లనే మిగిలిన కట్టడము కూడ సరిగా సాగుతుంది. రక్తప్రవాహపు ఒత్తిడిని చేపపిండములో అడ్డగిస్తే కవాటములు, మలుపు సరిగా ఏర్పడలేదని 2003లో ప్రకటించినారు. ఒక లైను మీద బండ్లు నడిపిస్తూనే రెండవ లైను వేసినట్లు అనుకోండి.

ఈ క్రమములో ఒక్క పుట తప్పితే ఏమవుతుందో తెలుసుకోవటానికి జర్మనీలోని ట్యూబింగెన్‌లోను, అమెరికాలోని బోస్టన్‌లోను పెద్ద పరిశోధనలు జరిగినవి. వాటి ఫలితములు 1996 డిసెంబరులో వెలువడినవి. జన్యులోపములు గల చేపల వంశములను వేరుచేసి, ఒక్కొక్క దానికి దాని లోపమును బట్టి ఒక ముద్దుపేరు పెట్టినారు. వాటిలో మూడింటి సంగతి చెప్తాము.

ఒక దాని పేరు సైలెంట్ హార్ట్, అనగా మౌన హృదయము. దానికి గుండె ఉన్నది, గదులు ఉన్నవి, కాని కొట్టుకోదు. ట్రోపోనిన్ టి అనే ప్రోటీనుకు సంబంధించిన పుటలో లోపమని 2002లో కనుగొన్నారు. అదే ప్రోటీనుకు చెందిన జన్యువులో మార్పులుంటే మనుష్యులలో గుండె కండరపు వ్యాధులు వస్తవి. ఇంకొక వింత వినండి. ఆ చేపపిండము గుండె కొట్టుకోకపోయినా కొన్ని రోజులు బ్రతికి ఉంటుంది. అంత చిన్న శరీరానికి కావలసిన ప్రాణవాయువు నీటినుంచి నేరుగా ఇంకుతుంది. అందుచేతనే గుండె చెడిన పిండమును కూడ చనిపోకముందే పరీక్షించటానికి వీలవుతున్నది.

రెండవ దాని పేరు హార్ట్‌స్ట్రింగ్స్. దీనిలో టి.బి.ఎక్స్. 5 జన్యువు చెడినది. గుండె మలుపు తిరగదు, రొమ్ము ప్రక్కల ఉండే రెక్కలు కూడ రావు. గుండెకూ రెక్కకూ సంబంధమేమి అంటారా? ఒకే పుటను రెండు చోట్ల చదవవలసి ఉన్నది. మనుష్యులలో ఇదే జన్యువు చెడితే బొటనవ్రేలి ఎముకలలో లోపము, గుండె గదుల నడుమ రంధ్రము కలిసి కనబడే ఒక జబ్బు ఉన్నదని 1997లోనే తేలినది. మరి ఆ మనుష్యులలో రెండు ప్రతులలో ఒకటి చక్కగానే ఉంటుంది. అయినా సగము నకళ్ళు చాలవు. పుట ఉండటమే కాదు, కావలసినన్ని నకళ్ళు కూడ రావాలన్నమాట.

మూడవ దాని పేరు మైల్స్ అపార్ట్, అనగా ఆమడల దూరము. మాకు అన్నిటికన్నా మనసుకు పట్టినది ఇదే. ఈ చేపలో కుడి గుంపు, ఎడమ గుంపు నడిమికి వచ్చి కలుసుకోలేవు. ప్రక్కకొకటి చొప్పున రెండు చిన్న గుండెలు ఏర్పడి, రెండూ విడివిడిగా కొట్టుకొంటవి. గుండె కణములలోనే లోపమేమో అని మొదట ఎవరైనా అనుకొంటారు. కాని ఆ కణములను తీసి ఆరోగ్యముగల పిండములో ఉంచితే అవి చక్కగా నడిచి నడిమికి చేరినవి. లోపము నడిచేవారిలో లేదు, దారిలో ఉన్నది. చుట్టుప్రక్కల కణములు సిద్ధము చేయవలసిన బాట సిద్ధము కాలేదు. ఇది 2000లో ప్రకటించిన సంగతి. బండి ఆలస్యమైతే డ్రైవరును తిట్టటము ప్రయాణికుల అలవాటు. ముందు స్టేషనునుంచి లైన్ క్లియర్ రాలేదేమో అని అడిగేవారు తక్కువ. మన ఇళ్ళలో బిడ్డ జబ్బుకు తల్లిని అనటము కూడ ఇట్లాంటిదే.

ఇదంతా పరదేశపు ప్రయోగశాలల సంగతి, మనకేమి అనవద్దు. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు తంగరాజ్‌గారు, పెరుందురై ధండపాణిగారు మొదలైనవారు, న్యూయార్కులోని బ్రూస్ గెల్బ్‌గారితో కలిసి 2014లో ఒక పరిశోధన ప్రకటించినారు. ధండపాణిగారు తరువాత మన ఇరుగున ఉన్న ఇన్‌స్టెమ్‌లో పరిశోధన సాగించినారు. గుండె గదులు ఉబ్బి, కండరము నీరసించి, రక్తము త్రోయలేకపోయే జబ్బు ఒకటి ఉన్నది. ఆ జబ్బుగల 513 మందిని, జబ్బు లేని 1,150 మందిని వారు పరీక్షించినారు. దక్షిణ భారతము, ఉత్తర భారతము, జపాను, ఈ మూడు చోట్ల రోగులలో రాఫ్ 1 అనే జన్యువులో అరుదైన మార్పులు కనబడినవి. ఈ మూడు చోట్ల చిన్ననాడే జబ్బు వచ్చినవారిలో సుమారు నూటికి తొమ్మిదిమందికి ఆ మార్పు ఉన్నది.

మార్పు కనబడినంత మాత్రాన అదే కారణమని చెప్పటానికి వీలులేదు. మనిషి బిడ్డలో పరీక్షించి చూడలేరు కదా. అందుకని ఆ మార్పుగల జన్యువును చేపపిండములలో వ్యక్తమయ్యేటట్లు చేసినారు. చేపపిల్లల గుండెలు నీరసించినవి. కణము లోపల ఎ.కె.టి. అనే సంకేతము హద్దు మీరి పనిచేస్తున్నదని తెలిసినది. బండి వెళ్ళిపోయిన తరువాత కూడ సిగ్నలు మరల కట్టని స్థితి అన్నమాట. అప్పుడు రాపమైసిన్ అనే మందును ఇచ్చి చూసినారు. మూత్రపిండము మార్పిడి చేయించుకొన్నవారికి వైద్యులు ఇచ్చే మందు అది. ఆ మందుతో చేపపిల్లల గుండె కోలుకొన్నది. దీనిని విని మందుల షాపుకు పరుగెత్తవద్దని మా మనవి. చేపపిల్లకు పనిచేసినది బిడ్డకు పనిచేయటానికి నడుమ ఎన్నో ఏండ్ల పరీక్షలున్నవి. కాని దారి ఏ వైపున ఉన్నదో చేప చూపించినది.

చేప అన్నీ చెప్పలేదు. దాని గుండెకు గదులు రెండే, మనకు నాలుగు. దానికి ఊపిరితిత్తులు లేవు. మన బిడ్డల గుండెలో గదుల నడుమ గోడకు పడే రంధ్రమును చేపలో నేరుగా చూడటానికి లేదు, ఆ గోడే దానికి లేదు గనుక. అయితే మనకు లేని వరము దానికొకటి ఉన్నది. పెద్ద చేప గుండె క్రింది గదిలో అయిదవ వంతు కోసివేసినా, రెండు నెలలలో తిరిగి పెరిగినదని 2002లో చూసినారు. పిండదశలో చదివిన పుటలలో కొన్నిటిని అది మరల తెరుస్తుంది. మన గుండెలో ఆ పుటలు ఎందుకు మూసుకొని ఉన్నవో తెలుసుకొంటే, గుండెపోటు వచ్చినవారికి ఎంత మేలో ఊహించండి.

ఇక మన ఇంటి సంగతికి వస్తాము. మనిషి పిండములో గుండె సుమారు 22వ రోజున కొట్టుకోవటము మొదలు పెడుతుంది. ఎనిమిది వారములకు దాని ప్రధాన నిర్మాణము ముగుస్తుంది. అనగా నెల తప్పినదని తల్లి గ్రహించే లోపలనే పని మొదలయినది, అత్తవారింట శుభవార్త చెప్పేసరికి చాలావరకు అయిపోయినది. ఎన్నో జన్యువులు ఎన్నో గంటలలో తెరచుకొని మూసుకొనే ఆ పనిలో ఎక్కడ ఏది తప్పినదో చాలామందిలో వైద్యులకు కూడ అంతు చిక్కదు. జన్యువులలో సగము తండ్రివి. కొన్ని మార్పులు తల్లిలోను లేవు, తండ్రిలోను లేవు, ఆ బిడ్డలోనే కొత్తగా వస్తవి. గ్రహణపు నీడకు అక్కడ ప్రవేశము లేదు. కోడలి పాదానికి అసలే లేదు.

అట్లా అని చేతులు ముడుచుకొని కూర్చోమని కాదు. గర్భము మొదటి నెలలలో రుబెల్లా అనే జ్వరము సోకితే బిడ్డ గుండె చెడుతుంది. అందుచేత ఆడపిల్లలకు పెండ్లికి ముందే ఆ టీకా వేయించాలి. గర్భము వచ్చిన తరువాత ఆ టీకా వేయరు. మధుమేహము ఉన్న అమ్మాయికి గర్భానికి ముందునుంచే చక్కెర అదుపులో ఉండాలి. మేనరికము, మేనమామ సంబంధము మన ఇళ్ళలో ప్రీతికరమే అయినా, బిడ్డలకు జన్యులోపముల ముప్పు కొంత పెరుగుతుంది. వంశములో గుండె జబ్బు ఉన్నచోట వైద్యుని అడిగి నిర్ణయించుకోవటము మంచిది. అయిదవ నెలలో చేసే స్కానింగులో గుండె లోపములు చాలావరకు కనబడుతవి. పుట్టిన బిడ్డ పెదవులు నీలి రంగు తిరిగినా, పాలు త్రాగేటప్పుడు చెమటలు పట్టి ఆయాసపడినా, బరువు పెరగకపోయినా, దిష్టి తీసి ఊరుకోక వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. బెంగుళూరులో జయదేవ సంస్థవంటి ప్రభుత్వ హృద్రోగ వైద్యశాల ఉన్నది. నేడు ఈ లోపములలో చాలా వాటికి చికిత్స ఉన్నది. వేళకు పోవటమే ముఖ్యము. ఈ జాగ్రత్తలు తల్లి ఒక్కదానిమీద మోపేవి కావు. భర్త, అత్తమామలు, పుట్టింటివారు అందరూ పంచుకోవలసినవి.

మన తెలుగు కుటుంబములు ఇక్కడ ఒకరికొకరు బంధువులు. ఈ ఏడు మన సంఘములో ఏ ఇంటనైనా అట్లాంటి బిడ్డ పుడితే, మొదట పోయేవారు ఆ తల్లిని ఏమి తిన్నావమ్మా అని అడుగవద్దు. ఆస్పత్రికి ఎవరము తోడు రావాలి, పెద్ద పిల్లవాడిని ఎవరింట ఉంచుకోవాలి అని అడగండి. అంతకుమించి మేము కోరేది లేదు.

పిల్లలకు ఒక్క మాట. చేపల తొట్టిలో చారల చేప కనబడితే కొంచెము నిలబడి చూడండి. దాని మొదటి రోజు కథ మీ మొదటి నెల కథకు చుట్టము. మీలో ఎవరైనా రేపు ఆ బళ్ళారి రోడ్డు ప్రయోగశాలలలోనో, హైదరాబాదు సి.సి.ఎం.బి.లోనో కూర్చొని మిగిలిన పుటలు చదివి చెప్తే, వినటానికి మేము ముందు వరుసలో కూర్చొంటాము.

 కొత్త సంవత్సరము మన బిడ్డలకు ఆయురారోగ్యములు ఇచ్చుగాక. సెలవు.